నొప్పి బిళ్ళకూ షుగరు పడిపోవడానికీ సంబంధం ఉందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మకు 71 ఏళ్ళు. తెనాలిలో మా అన్నయ్య దగ్గర ఉంటుంది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకు పదిహేనేళ్ళుగా షుగరు ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళ రెండు పూటలా వేసుకుంటుంది. అరికాళ్ళ మంటలకు ఏడాదిగా రాత్రిపూట డ్యూలోక్సెటిన్ వాడుతోంది. నిద్ర పట్టని రోజున మా వీధి ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న బిళ్ళ (ఆల్‌ప్రజోలామ్) వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులకు ఎముకల డాక్టరు ట్రామడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిసిన బిళ్ళ రోజుకు రెండు చొప్పున పది రోజులకు రాశారు. నొప్పి తగ్గిందని అదే చీటీతో ఐదు వారాలుగా తెచ్చి వాడుతున్నారు. మూడో వారంలో ఒకనాడు తెల్లవారుజామున అమ్మ ఒళ్ళంతా చెమటలు పట్టి, అన్నయ్యను గుర్తుపట్టకుండా మాట్లాడింది. షుగరు చూస్తే 46. పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకుంది గానీ రెండు గంటల తర్వాత మళ్ళీ 58కి దిగింది. ఆ తర్వాత నుంచి రాత్రుళ్ళు కాళ్ళు ఉలిక్కిపడినట్టు ఎగిరిపడుతున్నాయట. ఆ బిళ్ళకూ షుగరుకూ సంబంధం లేదని ఎముకల డాక్టరు అన్నారు. సరిగా తినకపోవడమే కారణమని షుగరు డాక్టరు అన్నారు. నేను ఫోనులో ఆ మందు దుష్ప్రభావాల జాబితా చదివి భయపడి ఆపేయమన్నాను. మూడు రోజులు ఆపేసరికి నిద్ర లేదు, ముక్కు కారడం, ఒళ్ళు జలదరింపు, నొప్పి రెట్టింపు. మళ్ళీ మొదలుపెట్టారు. సంక్రాంతి వెళ్ళాక మోకాలి మార్పిడి ఆపరేషను చేయిద్దామనుకుంటున్నాం. ఇప్పుడు మేం ఏం చేయాలి?

– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, సంబంధం ఉండే అవకాశం ఉంది. ఉత్తరం చదివి "ఉంది" అని నేను తేల్చలేను గానీ, "లేదు" అని కొట్టిపారేయడం మాత్రం సరికాదు. ట్రామడాల్ వాడేవారిలో రక్తంలో చక్కెర పడిపోవడం అరుదుగానే అయినా స్పష్టంగా నమోదైన విషయం. షుగరు జబ్బు లేనివారిలో సైతం ఇది కనిపించింది. 2015లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో బ్రిటన్‌లో 1998 నుంచి 2012 వరకు కాన్సరేతర నొప్పులకు కొత్తగా ట్రామడాల్ గానీ కోడీన్ (అదే జాతికి చెందిన మరో నొప్పి మందు) గానీ మొదలుపెట్టిన 3,34,034 మంది వివరాలను పరిశీలించారు. వారిలో 1,105 మంది షుగరు పడిపోయి ఆస్పత్రిలో చేరారు. కోడీన్ వాడినవారితో పోలిస్తే ట్రామడాల్ వాడినవారికి ఆ ప్రమాదం సుమారు ఒకటిన్నర రెట్లు ఉండగా, మందు మొదలుపెట్టిన తొలి 30 రోజుల్లో అది రెండున్నర రెట్లు దాటింది. మీ అమ్మగారికి ఆ తెల్లవారుజాము సంఘటన మూడో వారంలో జరిగింది. ఈ కాలం పొసగడం రుజువు కాకపోయినా, అనుమానించడానికి అది చాలినంత కారణం.

అయితే ఆ గదిలో ఉన్న అనుమానితుడు ట్రామడాల్ ఒక్కటే కాదు. గ్లిమిపిరైడ్ స్వయంగా షుగరును పడగొట్టగల మందు. అది క్లోమాన్ని తట్టి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మనం తిన్నామా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. పదిహేనేళ్ళ షుగరు ఉన్న 71 ఏళ్ళ మనిషికి మూత్రపిండాల పనితనం ఎంతో కొంత తగ్గి ఉండడం సాధారణం. అలా తగ్గినప్పుడు గ్లిమిపిరైడ్ ప్రభావం ఎక్కువసేపు నిలిచిపోతుంది, ట్రామడాల్ కూడా శరీరంలో పేరుకుంటుంది. ఇక ట్రామడాల్ వల్ల చాలామందికి వచ్చే మామూలు ఇబ్బంది వికారం. నోటికి ఏదీ సహించక రాత్రి రెండు ముద్దలతో సరిపెట్టుకుని, షుగరు బిళ్ళ మాత్రం తప్పకుండా వేసుకునే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఎందరో. కాబట్టి సరిగా తినలేదన్న షుగరు డాక్టరుగారి మాట కూడా తప్పు కాకపోవచ్చు, కాని ఎందుకు తినలేదన్న ప్రశ్న అక్కడ మిగిలిపోయింది. ఇద్దరు డాక్టర్లూ తమ తమ చీటీని మాత్రమే చూసి మాట్లాడినట్టుంది. ఇది వారిని తప్పుపట్టడానికి అంటున్న మాట కాదు. రోగి మందుల డబ్బా మొత్తం ఎవరి బల్ల మీదికీ రాకపోవడం మన దగ్గర నిత్యం జరిగేదే.

మీరు ఫోనులో చదివిన జాబితా సంగతి. అందులో "అరుదు" అన్న మాటకు ఒక లెక్క ఉంది. మందుల కాగితాల్లో వెయ్యిమందిలో ఒకరికి మొదలుకొని పదివేలమందిలో ఒకరి వరకు వచ్చేదాన్ని అరుదైనదని, పదివేలలో ఒకరికన్నా తక్కువమందికి వచ్చేదాన్ని బహు అరుదైనదని రాస్తారు. వికారం, తల తిరగడం, మగత వంటివి పదిమందిలో ఒకరికైనా వచ్చేవి. జాబితాలో ఈ రెండు రకాలూ ఒకే అచ్చులో, ఒకే వరుసలో ఉండడంతో చదివేవారికి అన్నీ ఒకే బరువుగా తోస్తాయి. ఇంకో సంగతి కూడా గమనించాలి. పదివేలమందిలో ఒకరికి వచ్చే దుష్ప్రభావం కనీసం ఒక్కసారైనా కంటపడుతుందని 95 శాతం ధీమాతో చెప్పాలంటే దాదాపు 30,000 మందికి మందు ఇచ్చి చూడాలి. మందును అమ్మకానికి అనుమతించే ముందు జరిగే పరీక్షల్లో సాధారణంగా అంతమంది ఉండరు. అందువల్ల అరుదైనవాటిలో చాలావరకు మందు బజారులోకి వచ్చాక, ఎక్కడో ఒక వైద్యుడో, నర్సో, రోగి బంధువో "ఇది వేసుకున్నాక ఇలా అయింది" అని రాసి పంపితే తప్ప బయటపడవు. ట్రామడాల్ జర్మనీలో 1977లోనే అమ్మకానికి వచ్చింది. షుగరు గురించి నేను పైన చెప్పిన పెద్ద లెక్క వెలువడేసరికి 38 ఏళ్ళు గడిచాయి. మీ ఎముకల డాక్టరుగారు చదువుకున్న రోజుల్లో ఆ మాట పాఠ్యపుస్తకంలో లేకపోయి ఉండవచ్చు.

అరుదు అన్నది లక్షలమందిని కలిపి వేసిన సగటు. మీ అమ్మగారి వంటి మనిషికి, అంటే వయసు మీద పడి, షుగరు బిళ్ళలు వాడుతూ, మరో రెండు మందులు తోడుగా ఉన్నవారికి, ఆ సగటు వర్తించదు. ఆమె విషయంలో ప్రమాదం సగటుకన్నా పైనే ఉంటుంది. అందుకే జాబితాలోని ప్రతి పేరుకూ భయపడడం కంటే, ఈ మనిషికి ఈ మందుల మధ్య ఏది జరగగలదు అని అడగడం ఉపయోగకరం. ఆ దృష్టితో చూస్తే మీ ఉత్తరంలో నన్ను షుగరుకన్నా ఎక్కువ ఆలోచింపజేసింది కాళ్ళు ఎగిరిపడడం.

ట్రామడాల్ మార్ఫిన్ జాతికి చెందిన మందే అయినా దానికి రెండు ముఖాలున్నాయి. ఒకటి, కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని మరో పదార్థంగా మారుస్తుంది, మార్ఫిన్ తరహా నొప్పి నివారణ ప్రధానంగా ఆ పదార్థానిదే. రెండు, మారకుండా మిగిలిన ట్రామడాల్ మెదడులో సెరటోనిన్, నారెడ్రినలిన్ అనే రసాయనాలను పెంచుతుంది. ఇప్పుడు డ్యూలోక్సెటిన్ ఏం చేస్తుందో చూడండి. అది కూడా ఆ రెండు రసాయనాలనే పెంచే మందు. దానికి తోడు, ట్రామడాల్‌ను మార్చే ఆ ఎంజైమును అది కొంతవరకు అణచివేస్తుంది. ఫలితంగా నొప్పి తగ్గించే భాగం తగ్గుతుంది, సెరటోనిన్‌ను పెంచే భాగం పెరుగుతుంది. అంటే ఈ రెండు బిళ్ళలూ కలిపి వేసుకున్నప్పుడు ఉపశమనం తక్కువ, ఇబ్బంది ఎక్కువ అన్న పరిస్థితి రావచ్చు. నొప్పి ఆగడం లేదని మరో బిళ్ళ వేసుకుంటే పరిస్థితి ఇంకా చెడుతుంది. సెరటోనిన్ మితిమీరినప్పుడు కనిపించే లక్షణాలు చెమటలు, వణుకు, కండరాలు ఎగిరిపడడం, ముఖ్యంగా కాళ్ళలో, విరేచనాలు, కుదురు లేకపోవడం. ఇవి స్వల్పంగా మొదలై అక్కడే ఆగిపోవచ్చు. జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం, మనిషి కలవరపడి మాట్లాడడం కూడా తోడైతే మాత్రం అది ప్రాణాపాయం. అప్పుడు బిళ్ళలు తగ్గించడం గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేసి, వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళాలి. ట్రామడాల్ ఫిట్స్ వచ్చే అవకాశాన్ని కూడా పెంచుతుంది. రాసిన మోతాదు దాటకుండా వాడినవారిలోనూ ఫిట్స్ నమోదయ్యాయి గనుక, మీ అమ్మగారు రోజుకు 75 మిల్లీగ్రాములే వేసుకుంటున్నారు కదా అని నిశ్చింతగా ఉండలేం.

కాళ్ళు ఎగిరిపడడానికి రక్తంలో సోడియం తగ్గడం కూడా కారణం కావచ్చు. వయసు మళ్ళిన స్త్రీలలో డ్యూలోక్సెటిన్ సోడియంను తగ్గించడం బాగా తెలిసిన సంగతే. ట్రామడాల్ వల్ల అలా జరగడం అరుదుగా నమోదైంది. బీపీకి నీరు పోయే బిళ్ళ కూడా వాడుతున్నట్టయితే (మీరు రాయలేదు) ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

మీరు చదివిన జాబితాలో ఇంకా ఏవేవో ఉంటాయి. వాటిలో అడ్రినల్ గ్రంథి మందగించడం, హార్మోన్లు తగ్గడం నెలల తరబడి వాడినవారిలో ఎక్కువగా చూసేవి. విపరీతమైన నీరసం, నిలబడితే కళ్ళు తిరగడం, బీపీ తక్కువగా ఉండడం కనిపిస్తే తప్ప వాటి గురించి ఇప్పుడు ఆందోళన అనవసరం. మందు పెంచేకొద్దీ నొప్పి ఇంకా పెరిగి, లేనిచోట కూడా నొప్పి పాకే విచిత్ర స్థితి కూడా ఒకటుంది. మీ అమ్మగారి విషయంలో అది అనిపించడం లేదు. కొందరికి లేని మనుషులు కనిపించడం, మూత్రం బిగుసుకుపోవడం జరుగుతాయి. పెద్దవాళ్ళు వీటిని సిగ్గుపడి చెప్పరు గనుక మీరే అడగాలి.

అరుదైనవాటిని వెతికే హడావిడిలో అరుదు కాని పెద్ద ప్రమాదం ఒకటి మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటిపోయింది. అది ఆ ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రబిళ్ళ. మార్ఫిన్ జాతి మందుకు ఆల్‌ప్రజోలామ్ వంటిది తోడైతే మగత లోతెక్కి శ్వాస మందగించవచ్చు. ఈ రెండింటినీ కలిపి వాడడం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ఆ మందుల సమాచార పత్రాల్లో వేయించింది. ట్రామడాల్ ఒంట్లో ఉన్నంతకాలం ఆ బిళ్ళ ముట్టుకోకూడదు. అయితే దాన్ని అప్పుడప్పుడు కాక రోజూ వేసుకుంటున్నట్టు తేలితే, అదీ ఒక్కసారిగా ఆపేది కాదు కాబట్టి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

మీరు ఆపేయమన్న మూడు రోజుల్లో జరిగింది ఏమిటంటే, ఐదు వారాలు ఆ మందుకు అలవాటుపడిన శరీరం అది హఠాత్తుగా అందకపోయేసరికి ఎదురు తిరిగింది. ముక్కు కారడం, ఒళ్ళు జలదరించడం, నిద్ర లేకపోవడం అన్నీ ఆ కోవలోవే. దీన్ని చూసి అమ్మకు మత్తుమందు వ్యసనం పట్టిందేమోనని కుంగిపోకండి. శరీరం అలవాటుపడడం వేరు, మనసు దానికోసం వెంపర్లాడడం వేరు. ట్రామడాల్‌కు రెండు ముఖాలున్నాయన్నాను కదా, ఆపినప్పుడు కూడా ఆ రెండూ కనిపిస్తాయి. కొందరికి మామూలు జలదరింపులతోపాటు అకారణ భయం, ఒంట్లో చీమలు పాకినట్టుండడం వంటివి వస్తాయి. కాబట్టి తగ్గించడం డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారం జరగాలి. ఐదు వారాలే వాడారు గనుక, రోజుకు రెండే గనుక, సాధారణంగా ఇది వారం పది రోజుల్లో ముగిసే పని. కాళ్ళు ఎగిరిపడడం సెరటోనిన్ వల్లనే అని పరీక్ష చేసిన డాక్టరుకు అనిపిస్తే ఇంకా వేగంగా ఆపించవచ్చు, ఆ బాధను తట్టుకోవడానికి వేరే మందులు ఇవ్వవచ్చు. ట్రామడాల్‌కు బదులు డ్యూలోక్సెటిన్‌ను ఆపేద్దామని మాత్రం మీ అంతట మీరు అనుకోవద్దు. అదీ హఠాత్తుగా ఆపకూడని మందే.

ఈ వారంలోనే చేయవలసిన పని ఒకటుంది. ఎముకల డాక్టరు దగ్గరికో షుగరు డాక్టరు దగ్గరికో కాకుండా, మొత్తం మనిషిని చూసే ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి అన్ని స్ట్రిప్పులూ, గ్లూకోమీటరులో ఉన్న పాత అంకెలూ తీసుకుని అమ్మను తీసుకువెళ్ళండి. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితనం తెలిపేది), సోడియం పరీక్షలు చేయించమని అడగండి. గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించాలా, అసలు ఆ వయసులో షుగరును పడగొట్టని రకానికి మారాలా అన్న ప్రశ్న తప్పకుండా వేయండి. ఆమె వయసులో షుగరు కొంచెం ఎక్కువగా ఉండడంకన్నా ఒక్కసారి 46కి పడిపోవడం ఎక్కువ ప్రమాదం. ఈలోగా పడుకునే ముందు, తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య షుగరు చూడమని మీ అన్నయ్యకు చెప్పండి. 70కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, సరిపోయాక ఏదైనా తినిపించాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. గ్లిమిపిరైడ్ వాడేవారిలో షుగరు ఒకసారి లేచి మళ్ళీ పడిపోవచ్చు. మీ అమ్మగారికి రెండు గంటల తర్వాత 58 వచ్చింది అందుకే కావచ్చు. అటువంటప్పుడు ఇంట్లో కాక ఒక రోజు ఆస్పత్రిలో ఉంచి చూడడమే సరైన పద్ధతి. అది ఆనాడే జరగవలసింది.

పది రోజుల చీటీతో ఐదు వారాలు మందు ఎలా దొరికిందన్నది మీరు అడగని ప్రశ్న. మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి ట్రామడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రిత మందుల్లో చేర్చారు. డాక్టరు చీటీ లేకుండా, రాసిన గడువు దాటాక అమ్మకూడదు. తెలిసిన షాపువాడు కాదనలేక ఇచ్చి ఉంటాడు, మీవాళ్ళు నొప్పి చూడలేక తెచ్చి ఉంటారు. పది రోజులకని రాయడంలో డాక్టరు ఉద్దేశమే పదకొండో రోజున మనిషిని మళ్ళీ చూడడం. అది జరిగి ఉంటే తోడుగా వాడుతున్న మందుల సంగతి అప్పుడే మాటల్లో వచ్చేది.

మోకాళ్ళ నొప్పికి ఆపరేషను వరకు ఏం చేయాలంటారేమో. పారాసిటమాల్ విడిగా వాడవచ్చు, కాని ఇప్పటి బిళ్ళలో ఉన్నది, జ్వరానికని వేసుకునే 650 బిళ్ళ, అన్నీ కలిపి లెక్క చూసుకోవాలి. డైక్లోఫెనాక్ బిళ్ళలు, ఇంజెక్షన్లు ఆమె మూత్రపిండాల పరీక్ష వచ్చేవరకు వద్దు. అదే మందు పైపూత జెల్‌గా రాసుకోవడంలో ప్రమాదం చాలా తక్కువ. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే ఆపరేషనుకు ముందూ తర్వాతా కూడా పనికివస్తుంది. ఎవరైనా మోకాల్లో స్టిరాయిడ్ ఇంజెక్షను చేద్దామంటే, అది కొన్ని రోజులపాటు షుగరును బాగా పెంచుతుందని, ఆపరేషను దగ్గర పడ్డాక దాన్ని సాధారణంగా చేయరని తెలుసుకోండి.

ఇంకొక పని మీరు హైదరాబాదు నుంచే చేయవచ్చు. భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం అని 2010 నుంచి నడుస్తోంది. దాని జాతీయ కేంద్రం ఘజియాబాద్‌లో ఉంది. మందుల దుష్ప్రభావాలను రోగులు, వారి బంధువులు స్వయంగా తెలియజేయడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు, తెలుగులో కూడా ఒక ఫారం ఉన్నాయి. మందే కారణమని మీరు నిరూపించనవసరం లేదు. అనుమానం చాలు. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఏం జరిగింది, తోడుగా ఏ మందులున్నాయి అన్నవి రాస్తే సరిపోతుంది. పేరు గోప్యంగా ఉంచుతారు. దీనివల్ల ఎముకల డాక్టరుకు గానీ షాపుకు గానీ చెడ్డపేరు వస్తుందని సందేహించవద్దు. ఈ నివేదికలు ఎవరినీ శిక్షించడానికి కాదు. మీరు ఫోనులో చదివిన ఆ అరుదైనవాటి జాబితా చాలావరకు ఇలాంటి నివేదికలు పోగుపడడం వల్లే తయారైంది.

ఆపరేషను సంగతి. ఆనాడు, ఆ తర్వాత కొన్ని రోజులు, మార్ఫిన్ జాతి మందు ఏదో ఒకటి అవసరమవుతుంది. మోకాలి మార్పిడి తర్వాత నొప్పి ఆపకపోతే మనిషి నడవలేదు, నడవకపోతే కాలిలో రక్తం గడ్డకట్టడం వంటి వేరే చిక్కులు మొదలవుతాయి. కాబట్టి "మా అమ్మకు నొప్పి మందులు పడవు" అని ఆస్పత్రిలో చెప్పకండి. అలా చెబితే ఆమె కేసు కాగితం మీద అలర్జీ అని ఎర్ర సిరాతో రాసి, కావలసిన మందును కూడా దూరం పెడతారు. ఆమెకు జరిగింది అలర్జీ కాదు. మత్తు ఇచ్చే డాక్టరుకు చెప్పవలసిన మాట ఇది: "ట్రామడాల్ మొదలుపెట్టిన మూడో వారంలో షుగరు 46కి పడింది, అప్పుడు గ్లిమిపిరైడ్ కూడా వాడుతోంది, ఆ తర్వాత కాళ్ళు ఎగిరిపడ్డాయి, రోజూ రాత్రి డ్యూలోక్సెటిన్ వేసుకుంటోంది." మార్ఫిన్ జాతికే చెందిన పెథిడిన్, ఫెంటనిల్ వంటివి కూడా డ్యూలోక్సెటిన్‌తో కలిసినప్పుడు సెరటోనిన్‌ను పెంచవచ్చు గనుక, ఆ చివరి ముక్క వారు ఎంచుకునే మందును మార్చగలదు. దీన్ని తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి, అమ్మ మందుల డబ్బా మూతకు లోపలివైపు అతికించమని మీ అన్నయ్యకు ఈ రోజే చెప్పండి.